ముందు పొట్ట తగ్గించి తర్వాత జిమ్‌కు పోవాలా, రెండూ ఒకేసారి మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న అడిగినాయనది నల్లగొండ. వయసు 25, బరువు 75 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. చేతులు సన్నగా ఉన్నాయట, పొట్ట మాత్రం ముందుకొచ్చిందట. రెండు నెలలు తిండి తగ్గించి, రోజూ ఎన్‌.జి. కాలేజీ గ్రౌండ్‌లో నడిచి, పొట్ట పోయాక బరువులు మొదలుపెడదామనుకుంటున్నా, సరేనా అని అడిగారు.

సరికాదు. బరువులు మొదటి వారం నుంచే ఎత్తాలి. ఉత్త నడక, సగం కడుపు తిండి పెట్టుకుంటే కొవ్వుతోపాటు ఉన్న కాస్త కండ కూడా పోతుంది. రెండు నెలలకు తూకం 69 చూపిస్తుంది, ప్యాంటు వదులవుతుంది. కానీ చొక్కా విప్పితే అదే ఆకారం, కాస్త చిన్న సైజులో. అప్పుడు కండ కోసమని మళ్లీ బాగా తినడం మొదలుపెడతారు, పొట్ట మళ్లీ వస్తుంది. మన ఊళ్లలో చాలామంది కుర్రాళ్లు ఏండ్ల తరబడి ఈ చక్రంలోనే తిరుగుతున్నారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక వరం ఉంది. కండకు బరువు కొత్త కాబట్టి కొద్దిపాటి పనికే పెరుగుతుంది. దానికి కావాల్సిన శక్తిలో కొంత పొట్ట మీద నిల్వ ఉన్న కొవ్వు ఇస్తుంది, కండ కట్టే సరుకు ప్రోటీన్ ఇస్తుంది. అందుకే మొదటి ఏడాది రెండూ ఒకేసారి జరుగుతాయి. ఏండ్లుగా బరువులెత్తుతున్నవాళ్లకు ఈ వెసులుబాటు చాలా తక్కువ. దాన్ని రెండు నెలల పస్తులతో పాడుచేసుకోవద్దు.

పొట్ట కోసం రోజూ 200 క్రంచెస్ (వెల్లకిలా పడుకుని భుజాలు పైకి లేపే వ్యాయామం) కొట్టేవాళ్లకు ఒక మాట. క్రంచెస్‌తో పొట్ట కండ గట్టిపడుతుంది, దాని మీదున్న కొవ్వు కరగదు. కొవ్వు కణాల్లోంచి బయటికొచ్చి రక్తంలో కలిసి, ఒంట్లో ఏ కండకు అవసరమైతే అక్కడ ఖర్చవుతుంది. ఎక్కడిది ముందు తీయాలన్నది ఒళ్లు తేల్చుకుంటుంది. మగవాళ్లలో బొడ్డు కింది కొవ్వు సాధారణంగా అన్నిటికన్నా చివర పోయేది. ఇంత తెలిసిన విషయమైనా, నడుముకు పట్టా తగిలించి గడగడ ఊపే మిషన్ ఇప్పటికీ కొన్ని జిమ్ముల్లో ఉంది, చెమట బెల్టులు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ బెల్టుతో పోయేది నీళ్లు. రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండకు అది కట్టుకుని పరుగెత్తితే వడదెబ్బకు మీరే పిలుపు పంపినట్టు.

ఇక తిండి. మీ ఎత్తు, బరువు, వయసు లెక్కన, కూర్చుని చేసే ఉద్యోగమే అయినా జిమ్, నడక కలిపితే ఒంటికి రోజుకు సుమారు 2,350 క్యాలరీలు ఖర్చవుతాయి. అందులో 300 నుంచి 400 తగ్గించి 2,000 దగ్గర ఆగండి. 1,200కు దిగిపోతే బరువులెత్తే సత్తువే ఉండదు. ప్రోటీన్ కిలో బరువుకు 1.6 గ్రాములు, అంటే మీకు రోజుకు 120 గ్రాములు.

ఈ 120 అన్న అంకె దగ్గరే అందరూ బోల్తా పడతారు. మన కంచంలో అన్నం ఎక్కువ, పప్పు పలుచన, పెరుగు రెండు గంటెలు. అది మొత్తం కలిపితే రోజుకు 50, 60 గ్రాములు దాటదు. 500 రూపాయలలోపు వచ్చే వంటింటి తూకం కొనండి, ఏ పౌడర్ డబ్బా కన్నా ముందు అదే కొనండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుకు నిండా పోస్తే 150 గ్రాముల బియ్యం పడతాయి, వండితే 400 గ్రాములు పైనే. ఆ ఒక్క కప్పులోనే 530 క్యాలరీలు, ప్రోటీన్ 12 గ్రాములు కూడా రాదు. మధ్యాహ్నం ఒక కప్పు, రాత్రి ఒక కప్పు తింటే సగం లెక్క అక్కడే అయిపోతుంది.

మన ఇళ్లలో దొరికేవాటితోనే ఒక రోజు ఇలా సరిపోతుంది. పొద్దున మూడు కోడిగుడ్లు, రెండు జొన్న రొట్టెలు, ఒక్కో రొట్టెకు 50 గ్రాముల పిండి. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో గట్టిగా చేసిన పప్పు, ఏదో ఒక కూరగాయ, 200 గ్రాముల పెరుగు. సాయంత్రం 40 గ్రాముల సోయా చంక్స్ ఉడకబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిగడ్డ, నిమ్మకాయతో. రాత్రి రెండు జొన్న రొట్టెలు, ఎముక లేని చికెన్ 200 గ్రాములు. ఎముకతో కొంటే 300 తీసుకోండి. దీంతో ప్రోటీన్ 120 దాటుతుంది. నూనె రోజు మొత్తం మీద మూడు చిన్న చెంచాలు. కూరలో తేలే నూనె వంటావిడకు రుచి, మీకు చెంచాకు 45 క్యాలరీలు.

చికెన్ తినని రోజు దాని బదులు ఇంకో 80 గ్రాముల సోయా, లేదా 50 గ్రాముల సోయాతోపాటు 100 గ్రాముల పనీర్ పెట్టుకోండి. పనీర్‌లో ప్రోటీన్ 18 గ్రాములే, క్యాలరీలు 250 దాటతాయి, కాబట్టి ఆ పూట ఒక రొట్టె తగ్గించాలి.

పల్లీలు బాగా పండించే పాలమూరు వైపు వాళ్లు నా మీద కోపం తెచ్చుకోవద్దు గానీ, పల్లీలను ప్రోటీన్ తిండి అనుకోవడం మానాలి. 100 గ్రాముల పల్లీల్లో 24 గ్రాముల ప్రోటీన్ ఉన్న మాట నిజమే. దానితోపాటు 560 దాకా క్యాలరీలు వస్తాయి. 120 గ్రాముల ప్రోటీన్ పల్లీలతోనే రావాలంటే అర కిలో తినాలి, అది 2,800 క్యాలరీలు. సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టినవి తినండి, బాగుంటాయి. ఇడ్లీలో నూనె లేదని సంబరపడి గిన్నెడు పల్లీ చట్నీ నంజుకోవడమే పొట్టను కదలనివ్వడం లేదు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా కూడా ఇంతే, దాదాపు 280 క్యాలరీలు. అందులో ప్రోటీన్ ఉందని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

జిమ్‌కు వారంలో మూడు రోజులు చాలు. సోమ, బుధ, శుక్ర. ప్రతిసారీ ఒళ్లంతా. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు అంటూ ఆరు రోజుల పట్టిక చేతిలో పెట్టే ట్రైనర్లంటే నాకు అసలు పడదు. ఒకసారి బరువు పడ్డ కండ ఒకటి రెండు రోజులపాటు కొత్త సరుకు కట్టుకుంటుంది. ఆ తర్వాత వారమంతా దాన్ని ఖాళీగా ఉంచితే కొత్తవాళ్లకు నష్టం. మొదటి రోజు గాబ్లెట్ స్క్వాట్ (డంబెల్ పట్టుకుని గుంజీలా దిగి లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బరువు పైకి నెట్టడం), డంబెల్ రో (ముందుకు వంగి డంబెల్‌ను నడుము వైపు లాగడం), చివర ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిటారుగా, ఆపగలిగినంతసేపు కదలకుండా ఉంచడం). రెండో రోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నిలబడి రాడ్‌ను తొడల మీదుగా దించి లేపడం), షోల్డర్ ప్రెస్ (భుజాల దగ్గర్నుంచి బరువు తలపైకి నెట్టడం), లాట్ పుల్‌డౌన్ (మిషన్ మీద కూర్చుని పైనున్న రాడ్‌ను ఛాతీ వైపు లాగడం), లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు మడిచి దిగి లేవడం). మూడో రోజు మళ్లీ మొదటిది, వచ్చే వారం రెండోదాంతో మొదలు. ప్లాంక్ తప్ప ఒక్కోటి 3 సెట్లు (సెట్టంటే ఆగకుండా చేసే ఒక విడత), సెట్టుకు 8 నుంచి 12 సార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. సెట్టు ఆపేసరికి ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించాలి.

స్క్వాట్‌లో 10 కిలోల డంబెల్ ఛాతీకి ఆనించి పట్టుకోండి. కిందికి దిగేటప్పుడు మడమలు లేస్తున్నాయంటే చీలమండ బిగుసుకుపోయి ఉంది. మడమల కింద చెరో 2.5 కిలోల ప్లేటు పెట్టుకుంటే సరిపోతుంది. మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా కాలివేళ్ల దిక్కుకే పోవాలి.

నడుము పట్టేసిందని జిమ్ మానేసేవాళ్లలో డెడ్‌లిఫ్ట్ తప్పుగా చేసినవాళ్లూ ఉంటారు. రాడ్ తొడలకు రాసుకుంటూ దిగాలి. వీపు వంచొద్దు, పిరుదులను వెనక్కి తొయ్యండి, చేతుల్లో సామాను ఉన్నప్పుడు పిరుదులతో తలుపు నెట్టినట్టు. మోకాళ్లు కొద్దిగా మడిచి అక్కడే ఉంచండి. రాడ్ మోకాలి కిందికి వచ్చేసరికి తొడ వెనక భాగం లాగుతుంది, అక్కడ ఆగి లేవండి. నేలకు తాకించాలని ఇంకా దిగితే వీపు గూనిలా వంగుతుంది, బరువంతా నడుము మీద పడుతుంది.

జిమ్‌కు చిన్న నోటుబుక్కు పట్టుకుపోండి. ఆ రోజు ఏది, ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నది రాయండి. మూడు సెట్లూ 12 వస్తే, వచ్చేసారి 2.5 కిలోలు పెంచి మళ్లీ 8 దగ్గర మొదలుపెట్టండి. ఏ రాడ్‌తో చేశారో కూడా రాయాలి, ఎందుకంటే మన జిమ్ముల్లో అన్ని రాడ్లూ 20 కిలోలుండవు. సన్నవి 8, 10 కిలోలే ఉంటాయి. రాడ్‌కు రెండు వైపులా తగిలించి 2.5 పెంచడానికి కావాల్సిన 1.25 కిలోల ప్లేట్లు చాలాచోట్ల కనిపించవు, డంబెల్స్ 7.5 తర్వాత నేరుగా 10. అది మూడోవంతు పెరగడం. కాబట్టి 7.5తో 15 సార్లు వచ్చేదాకా ఆగి, అప్పుడు 10 పట్టుకోండి. అద్దాలకు, లైట్లకు లక్షలు పెట్టే యజమానులు రెండు జతల చిన్న ప్లేట్లు కొనకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కొత్తవాళ్లు ఆగిపోయేది అక్కడే.

పొట్ట తగ్గే పని చెడేది మాత్రం జిమ్‌లో కాదు, దావత్ మర్నాడు. ఆదివారం ఫంక్షన్ హాల్లో బగారా అన్నం, మటన్, చికెన్ ఫ్రై, డబుల్ కా మీఠా, పైన ఐస్‌క్రీం. వద్దంటున్నా పెద్దమ్మ వచ్చి "ఇంకింత ఏసుకో బిడ్డా, ఏం తినకపోతివి" అని గంటె బోర్లిస్తుంది. సోమవారం పొద్దున తూకం కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. గుండె జారిపోతుంది. ఇక ఆ రోజంతా నిమ్మకాయ నీళ్లు, సాయంత్రం జిమ్‌లో పోయినసారి ఎత్తిన బరువు లేవదు, రాత్రి ఆకలికి ఆగలేక మూడు కంచాలు. బుధవారానికల్లా "నా ఒంటికి ఇది పడదు" అనే తీర్పు.

కిలోన్నర కొవ్వు చేరాలంటే అవసరానికి మించి 11,500 క్యాలరీలు తినాలి. ఏ దావత్‌లోనూ అంత తినలేరు. పెరిగినదాంట్లో ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు ఉన్నాయి, ఇంకా కడుపులోనే ఉన్న తిండి ఉంది. అన్నం కండల్లో గ్లైకోజెన్‌గా, అంటే నిల్వ చక్కెరగా, చేరినప్పుడు గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లను తోడు తీసుకుపోతుంది, అది కూడా ఉంది. గురువారానికి దిగిపోతుంది. సోమవారం ఎప్పటి కంచమే తినండి, ఎప్పటి బరువే ఎత్తండి. దావత్‌కు పస్తుతో పోవద్దు, పొద్దున గుడ్లు, పెరుగు తినే పోండి. అక్కడ ముందు మటన్ ముక్కలు, తర్వాత ఒక్కసారే బగారా, మీఠా లేదా ఐస్‌క్రీం, రెండిట్లో ఒకటి.

జిమ్ లేని రోజుల్లో 8,000 అడుగులు నడవండి. ఏడు గంటల నిద్ర కావాలి, రీల్స్ చూస్తూ ఒంటిగంట దాకా మేలుకుంటే మర్నాటి ఆకలి చేతిలో ఉండదు. పౌడర్ల విషయానికొస్తే వే ప్రోటీన్ (పాల విరుగుడు నీళ్ల నుంచి తీసిన పొడి) ఒక స్కూపు ప్రోటీన్ లెక్కలో నాలుగు గుడ్లతో సమానం, అంతకుమించి మహత్తు లేదు. బరువులెత్తే సత్తువ పెంచే క్రియాటిన్ పొడి రోజుకు 3 నుంచి 5 గ్రాములు పనిచేస్తుంది, కండలో నీళ్లు చేరి తూకం కిలో దాకా పెరగొచ్చు. కొవ్వు కరిగిస్తామని అమ్మే ఫ్యాట్ బర్నర్లు కొనొద్దు. షుగర్‌కు మందులు వాడేవాళ్లు, బీపీ, హెర్నియా, కిడ్నీ సమస్యలున్నవాళ్లు ఇవేవీ మొదలుపెట్టకముందే డాక్టర్‌ను కలవాలి.

కొలత తూకంతో కాదు, టేపుతో. వారానికి రెండుసార్లు, పొద్దున పరగడుపున, బొడ్డు ఎత్తులో, ఊపిరి మామూలుగా వదిలాక. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఆరోగ్యానికే ప్రమాదమని లెక్క. తూకం కదలకుండా టేపు దిగుతూ, నోటుబుక్కులో బరువులు పెరుగుతుంటే కొవ్వు పోయి కండ వస్తున్నట్టే, ఏదీ మార్చొద్దు. మూడు వారాలపాటు టేపు, తూకం రెండూ కదలకపోతే రాత్రి ఒక రొట్టె తీసేయండి. గుడ్లు, చికెన్, సోయా జోలికి మాత్రం పోవద్దు.