నాలుగో గేర్ వెయ్యమన్న కుర్రాడిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది గుంటూరు. తొమ్మిదేళ్ల పాత పెట్రోల్ కారు ఉంది. ఊళ్లో బాగానే నడుస్తుంది కానీ హైవే మీద 80లో, టాప్ గేర్‌లో వెళ్తుంటే జర్కులిస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. మెకానిక్ వీల్ బ్యాలెన్సింగ్ చేయించాడు, ప్లగ్గులు మార్చాడు, చివరికి పెట్రోల్ పంపు కూడా మార్చాడు. ఒకసారి ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి ఆర్పేశాడు. జర్కు మాత్రం పోలేదు. మొన్న కాజ టోల్‌గేట్ దాటాక, పక్కన కూర్చున్న మా వాడు "నాన్నా, స్పీడు తగ్గించకుండా నాలుగో గేర్ వెయ్యి" అన్నాడు. వేస్తే జర్కు పోయింది. "చూశావా, చక్రాలదీ కాదు, పంపుదీ కాదు" అన్నాడు. వాడు ఇప్పుడే పదో తరగతి పరీక్షలు రాశాడు. ఇంటర్ వద్దు, కార్ల పనే నేర్చుకుంటానంటున్నాడు. ఎంపీసీలో చేర్పించాలని నా ఆశ. మెకానిక్ అయిపోతాడేమోనని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ వాడు చేసిన పని ఎంత గొప్పదో మీకు చెప్పాలి. మీరు దాన్ని ఏదో తమాషాగా రాసినట్టున్నారు.

చక్రం బ్యాలెన్స్ తప్పితే వచ్చే వణుకు బండి వేగాన్ని బట్టి ఉంటుంది. 80లో వస్తే ఏ గేర్‌లో ఉన్నా వస్తుంది. గేర్ మార్చగానే పోయిందంటే చక్రాలను పక్కన పెట్టేయొచ్చు. ఇక పంపు సంగతి. అదే రోడ్డు మీద అదే 80లో నడవడానికి ఇంజిన్‌కు కావలసిన పెట్రోల్ నాలుగో గేర్‌లోనూ దాదాపు అంతే, ఇంకాస్త ఎక్కువే తాగుతుంది. పంపు నీరసించి ఉంటే నాలుగో గేర్‌లో కూడా జర్కు రావాలి కదా! రాలేదు. ఒక్క గేర్ మార్పుతో మీ అబ్బాయి రెండు అనుమానాలు కొట్టేశాడు. మీ మెకానిక్ ఆ రెండిటికీ మీ చేత డబ్బులు కట్టించాడు.

మరి మిగిలిందేమిటి? టాప్ గేర్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ అదే బరువు లాగాలి. అందుకని ఒక్కో స్ట్రోక్‌కి ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్ సిలిండర్‌లోకి వెళ్తాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ దగ్గర నిప్పురవ్వ దూకాలంటే ప్లగ్‌కు కరెంటు అందించే కాయిల్ ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి. కాయిల్ బలహీనపడినా, దాని రబ్బరు తొడుగు పగిలినా ఆ రవ్వ పక్కదారి పట్టి, పెట్రోల్ మండక సిలిండర్ మిస్ కొడుతుంది. నాలుగో గేర్‌లోకి వస్తే ఒత్తిడి తగ్గి, ఆ నీరసపు రవ్వే సరిపోతుంది. ఫ్లైఓవర్ మీద ఎక్కువవడానికీ, ఊళ్లో కనపడకపోవడానికీ కారణం ఇదే అయి ఉండొచ్చు.

కాయిలే అని బండి చూడకుండా నేను ఒట్టు వేయను. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ వదులైనా ఒక ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వణుకు రావచ్చు. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, హైవే మీద జర్కు వచ్చినప్పటి ఆర్‌పీఎం దగ్గరే కాసేపు పట్టి ఉంచమనండి. అక్కడ వణుకు లేకపోతే లోడు పడ్డప్పుడే వస్తోందని అర్థం. ఈసారి ఇంజిన్ లైటు వెలిగితే ఎవరినీ ఆర్పనివ్వకండి. లోపం పట్టుకున్న క్షణంలో వేగం, ఆర్‌పీఎం, లోడు ఎంత ఉన్నాయో బండిలోని కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది, ఆ లోపానికి ఒక కోడ్ నంబరూ ఇస్తుంది. కోడ్ చెరిపేస్తే ఆ రాతా పోతుంది. స్కానర్‌లో కోడ్ పి0302 అని వస్తే రెండో సిలిండర్ మిస్ అవుతోందని. మీ ఇంజిన్‌లో సిలిండర్‌కో కాయిల్ ఉంటే, రెండో దాని కాయిల్‌నూ మూడో దాని కాయిల్‌నూ అటూ ఇటూ మార్చి పెట్టి మళ్లీ హైవే ఎక్కండి. ఈసారి పి0303 వస్తే దొంగ దొరికినట్టే. పైసా ఖర్చు లేదు.

(నా పాత కారుకు ఇలాంటి జబ్బే వస్తే ఒక షెడ్డులో మూడుసార్లు బిల్లు కట్టాను. చివరికి చూస్తే ఎయిర్ ఫిల్టర్ తర్వాతి రబ్బరు గొట్టంలో చిన్న పగులు. అప్పటి నుంచి నాకు "ముందు ఇది మార్చి చూద్దాం సార్" అనే మాట వింటే భయం.)

ఇక కోర్సు మాట. పార్టులు మార్చేవాళ్లు వీధికి నలుగురున్నారు. ఏ పార్టు మార్చాలో తేల్చేవాళ్లకే కొరత. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక బళ్లలో సెన్సార్లు, ఎలక్ట్రానిక్స్ ఇంకా పెరిగాయి, చెవితో విని చెప్పే రోజులు తగ్గాయి. మీ వాడికి నా మొదటి ఓటు పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ ఇంజినీరింగ్ డిప్లొమా. మూడేళ్లు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అంటే మీరు ఎంపీసీ మీద పెట్టుకున్న ఆశకు తలుపు మూసుకుపోదు. ఆటోమొబైల్ సీటు రాకపోతే మెకానికల్ కన్నా ఎలక్ట్రికల్ మేలంటాను. చాలామంది ఒప్పుకోరు. కానీ నేటి కార్లలో తలనొప్పులు ఎక్కువగా వైర్లలోనే ఉంటున్నాయి.

చదువు కన్నా చేతిపని మీదే మనసుంటే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది, రెండేళ్లు. తర్వాత కంపెనీ వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయించండి. అది లేని సర్టిఫికెట్‌కు విలువ తక్కువ.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తుంటే ఇంజిన్ నేర్చుకుని ఏం లాభం అని మీకు అనుమానం రావచ్చు. సొంత కారు రిజిస్ట్రేషనే 15 ఏళ్లు. ఈ ఏడాది కొన్న పెట్రోల్ బండి మీ వాడికి ముప్పై ఏళ్లు వచ్చేదాకా రోడ్డు మీదే ఉంటుంది. మల్టీమీటర్ పట్టడం, వైరింగ్ డయాగ్రమ్ చదవడం వస్తే ఎలక్ట్రిక్ బండి దగ్గరా చేతులు కట్టుకు నిలబడక్కర్లేదు.

వాళ్లమ్మ గారికి అబద్ధం చెప్పను. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ, ఎండ, గ్రీజు, నిలబడి పని. సర్వీస్ మాన్యువళ్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి అది చదివి అర్థం చేసుకోవడం రావాలి. ఇంకొకటి, రంగులు సరిగ్గా కనపడుతున్నాయో లేదో కంటి డాక్టరుకు చూపించండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే వైరింగ్ పనిలో చాలా ఇబ్బంది. దీన్ని కోర్సులో చేరాక కనుక్కున్న పిల్లలను చూశాను.

ఈ సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల షెడ్డు ఉంటే నెల రోజులు పంపండి. జీతం అడగొద్దు. రోజూ వచ్చిన బండి, యజమాని చెప్పిన కంప్లయింటు, చివరికి తేలిన కారణం ఒక నోటుబుక్‌లో రాయమనండి. పదో రోజుకే విసుగు వస్తే ఎంపీసీలో చేర్చండి, ఏమీ నష్టం లేదు.

కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూసే పని మీ వాడి చేతే చేయించండి, మీరు పక్కన ఉండి. ఇంజిన్ చల్లారాక, తాళం చెవి తీసేసి, కనెక్టర్ లాక్‌ను వేలితో నొక్కి మెల్లగా తీయాలి. తొమ్మిదేళ్ల ప్లాస్టిక్ అది, గట్టిగా లాగితే విరుగుతుంది. పి0303 వచ్చిందో లేదో నాకు తప్పకుండా రాయండి.