గ్రో టెంట్‌లో తెల్లవారేసరికి 93 శాతం తేమ: ఫ్యాన్ ఉన్నా గోడలెందుకు చెమరుస్తున్నాయి?

రైతు సందేహం: ఇంట్లో ఒక గదిలో 1.2 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2 మీటర్ల ఎత్తున్న గ్రో టెంట్ (లైటు పెట్టి ఇంట్లోనే మొక్కలు పెంచే మూసిన గుడారం) పెట్టాను. అందులో నాలుగు టమాటా మొక్కలు, కింద రెండు ట్రేల లెట్యూస్ (సలాడ్‌లో పచ్చిగా తినే ఆకుకూర) ఉన్నాయి. ఎల్ఈడీ లైటు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా వెలుగుతుంది. గాలి బయటికి లాగే ఫ్యాన్‌ను కూడా అదే టైమర్‌కి తగిలించాను, దాని పైపు ఆ గదిలోకే వదిలాను. రోజూ రాత్రి 9 గంటలకు 5 లీటర్ల నీళ్లు పోస్తాను. లైటు పక్కన వేలాడదీసిన మీటర్‌లో పగలు 27 డిగ్రీలు, 62 శాతం తేమ ఉంటుంది. తెల్లవారుజామున చూస్తే 20 డిగ్రీలు, 93 శాతం. టెంట్ గోడలు లోపలివైపు చెమరుస్తున్నాయి. టమాటా పూత రాలిపోతోంది, కొన్ని పూల మీద బూడిద రంగు బూజు వచ్చింది. లెట్యూస్ లోపలి ఆకుల అంచులు మాడుతున్నాయి. తేమ పీల్చే డబ్బాలు రెండు పెట్టినా తేడా లేదు. చాలా టెన్షన్‌గా ఉంది సార్. గాలిలోని తేమను లాగే మిషన్, డీహ్యూమిడిఫయర్ కొనమంటారా?

నిపుణుల సలహా: ఇప్పుడే కొనకండి. మీరు రాసినదాన్ని బట్టి పైసా ఖర్చు లేకుండా మార్చుకోగలిగినవి మూడున్నాయి: ఫ్యాన్ టైమర్, నీళ్లు పోసే వేళ, పైపు చివర. ఆ మూడూ సరిచేశాక కూడా తేమ దిగకపోతే అప్పుడు మిషన్ సంగతి ఆలోచిద్దాం.

ముందు మీ 93 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుకుంటుంది. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాములు, 25 దగ్గర 23 గ్రాములు, 30 దగ్గర 30 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి టెంట్‌కి అంటించుకోండి, పనికొస్తాయి. మీటర్ చూపించే శాతం అంటే, ఆ మోయగలిగిన దానిలో ఇప్పుడు ఎంత భాగం ఉందన్న లెక్క. మీ టెంట్‌లో పగలు 27 డిగ్రీలు, 62 శాతం అంటే ఘనపు మీటరుకు 16 గ్రాముల నీరు. రాత్రి లైటు ఆరిపోయింది, ఫ్యాన్ ఆగింది, గాలి 20 డిగ్రీలకు చల్లబడింది. ఆ 16 గ్రాములు అక్కడే ఉన్నాయి, మోసే శక్తి మాత్రం 17కు పడిపోయింది. పదహారుని పదిహేడుతో భాగించి చూడండి, మీరు చూసిన 93 శాతానికి దగ్గరగా వస్తుంది. ఒక్క చుక్క నీరు కొత్తగా చేరకపోయినా తేమ అంత పెరుగుతుంది. పైగా మీరు లైటు ఆరడానికి గంట ముందు 5 లీటర్లు పోస్తున్నారు. తడిసిన మట్టి రాత్రంతా ఆవిరి వదులుతూనే ఉంటుంది. పగటి గాలి అలాగే నిలిచి ఉంటే 19 డిగ్రీల దగ్గర అందులోని ఆవిరి నీటిచుక్కగా మారడం మొదలవుతుంది. టెంట్ గోడ గాలికన్నా చల్లగా ఉంటుంది కాబట్టి ముందు అది చెమరుస్తుంది, ఆ తర్వాత ఆకులూ పూలూ తడుస్తాయి.

తేమ పీల్చే డబ్బాలు ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. మొక్కలు తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల గుండా ఆవిరై గాలిలోకే పోతుంది. మిగిలిన కాస్తే మొక్క ఒంట్లో నిలుస్తుంది. అంటే మీరు రోజూ పోస్తున్న 5 లీటర్లూ దాదాపుగా ఆ టెంట్ గాలిలోకే వస్తున్నాయి. మరి ఆ టెంట్ గాలి ఎంత మోయగలదు? మీ టెంట్ లోపలి గాలి మూడు ఘనపు మీటర్లకు కొంచెం తక్కువ. 25 డిగ్రీల దగ్గర పూర్తిగా నిండినా 66 గ్రాములు, అంటే నాలుగైదు పెద్ద చెంచాల నీళ్లు. అంత చిన్న పాత్రలోకి రోజూ 5 లీటర్లు వచ్చి పడుతుంటే తేమ పీల్చే డబ్బా ఏం చేయగలదు? ఆ తేమ బయటికి పోవాలంటే తడి గాలి వెళ్లి పొడి గాలి రావాలి. మిషన్ లేకుండా దారి అదొక్కటే. బయటి గాలికి, లోపలి గాలికి మధ్య ఘనపు మీటరుకు 5 గ్రాముల తేడా ఉందనుకుంటే, పగటి పూట దాదాపు మూడు నిమిషాలకొకసారి టెంట్‌లోని గాలంతా మారాలి. ఆ సైజు టెంట్లకు మామూలుగా పెట్టే ఫ్యాన్ ఇది సులువుగానే చేస్తుంది, మీరు దాన్ని చేయనిస్తే.

కాబట్టి ఈ రోజే ఫ్యాన్‌ను లైటు టైమర్ నుంచి తీసేసి వేరే ప్లగ్‌కి పెట్టండి. అది 24 గంటలూ తిరగాలి. రాత్రి స్పీడ్ తగ్గించండి, కానీ ఆపకండి. లైటు ఆరాక మొదటి గంట మాత్రం పగటి స్పీడ్‌లోనే ఉంచండి, ఎందుకంటే పగలంతా పోగైన ఆవిరి బయటికి పోవలసింది అప్పుడే. గాలి లాగే ఫ్యాన్ టెంట్ పైభాగంలో, గాలి లోపలికి వచ్చే టెంట్ కిటికీ అడుగుభాగంలో ఉండాలి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు టెంట్ గోడలు కొద్దిగా లోపలికి పీల్చుకున్నట్టు కనిపించాలి. అలా కనిపించకపోతే ఎక్కడో జిప్ తెరిచి ఉందనో, పైపు నలిగిందనో అర్థం.

ఇక పైపు చివర. టెంట్‌లోంచి లాగిన తడి గాలిని మూసి ఉన్న అదే గదిలోకి వదిలితే ఆ గదే టెంట్‌గా మారుతుంది. ఫ్యాన్ అదే గాలిని మళ్లీ లోపలికి తెచ్చుకుంటుంది. పైపును కిటికీ బయటికి తీయండి, గదిలోకి కొత్త గాలి రావడానికి మరో దారి ఉంచండి. నీళ్లు పోయడాన్ని ఉదయం లైటు వెలిగిన గంటలోపు మార్చుకోండి. అప్పుడు మొక్క పగలంతా తాగుతుంది, ఫ్యాన్ పగలంతా లాగుతుంది, రాత్రికి పై మట్టి ఆరిపోతుంది. కుండీల కింద పళ్లాల్లో నిలిచిన నీటిని తీసేయండి, పోషక ద్రావణం తొట్టి ఉంటే మూత పెట్టండి.

రేపు తెల్లవారుజామున లైటు వెలగకముందే టార్చి వేసి ఆకుల్ని దగ్గరగా చూడండి. ఆకు అంచున, ఈనెలు ముగిసేచోట, పూసలు గుచ్చినట్టు వరసగా సన్నటి చుక్కలు కనిపిస్తే అది మంచు కాదు. వేళ్లు నీటిని పైకి తోస్తున్నా గాలి తీసుకోవడం లేదు కాబట్టి మొక్క ఆ నీటిని అంచుల్లోంచి వదిలేస్తోంది. రాత్రి నీళ్లు పోసే అలవాటుకు అది సాక్ష్యం. అలా కాకుండా ఆకు పైభాగమంతా మసకగా తడిసి, వేలితో రాస్తే గీత పడితే అది గాలిలోంచి దిగిన తడి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. ఫ్యాన్, నీళ్ల వేళ మార్చిన మూడు నాలుగు రోజుల్లో ఇవి రెండూ తగ్గాలి.

మీరు చెప్పిన మూడు జబ్బులకూ మూలం ఒక్కటేనని నా నమ్మకం. పూల మీది బూడిద రంగు బూజుకు కొన్ని గంటలు తడి నిలిస్తే చాలు. 20 డిగ్రీల చల్లదనం దానికి చాలా ఇష్టం. బూజు పట్టిన పూలను, కాయలను ఫ్యాన్ ఆపి, మెల్లగా ఒక కవర్లోకి దించి మూతి కట్టి బయట పారేయండి. చేతితో విదిలిస్తే దాని బీజాలు పొడిలా లేచి మిగతా పూల మీద పడతాయి. ఆ పని అయ్యాక గోడలు పొడిగుడ్డతో తుడవండి. ఇల్లు లోపల, మూసిన టెంట్‌లో, తినే ఆకు పక్కనే మందు కొట్టడం నాకు ఇష్టం లేదు. తడి ఆరకుండా ఏ మందు కొట్టినా బూజు మళ్లీ వస్తుంది.

తేమ 80 శాతం దాటితే టమాటా పుప్పొడి ముద్దకట్టి రాలదు, ఫలదీకరణ జరగక పూత రాలుతుంది. తేమ అదుపులోకి వచ్చాక రోజూ మధ్యాహ్నం పూగుత్తి కాడను వేలితో నాలుగైదుసార్లు మెల్లగా తట్టండి. టెంట్‌లో గాలికి ఊగడం, తేనెటీగలు రావడం ఉండవు కదా, ఆ పని మీరే చేయాలి.

లెట్యూస్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. లోపలి ఆకుల అంచులు మాడితే కాల్షియం లోపమంటారు, అది నిజమే. కానీ చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, అది ఆకు చివరిదాకా చేరదు. కాల్షియం నీటితో పాటే ప్రయాణిస్తుంది. ఏ ఆకు ఎక్కువ నీరు ఆవిరి చేస్తే దానికే ఎక్కువ అందుతుంది. ముడుచుకున్న లేత ఆకుల మధ్య గాలి కదలకపోతే అవి ఆవిరి వదలవు, వాటికి వాటా రాదు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పంటకు కాల్షియం పిచికారీ రాసిచ్చాను. మందు బయటి ఆకుల మీదే ఆగిపోయింది, లోపలి మాడు తగ్గలేదు. ఆ రైతు నష్టపోయిన కోత నాకు ఇప్పటికీ గుర్తుంది. లెట్యూస్ ట్రేల మీదికి పైనుంచి కిందికి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి. ఆకు అల్లల్లాడకూడదు, సన్నగా వణికితే చాలు. ఇప్పటికే మాడిన అంచులు మళ్లీ పచ్చబడవు, కొత్తగా వచ్చే ఆకుల్ని చూసి నిర్ణయించుకోండి. వీలైతే తర్వాతి పంటకు లెట్యూస్‌ను వేరే చోట వేయండి, దానికి టమాటా కన్నా చల్లదనం కావాలి.

టమాటా కింది ఆకులు గుబురుగా ఉంటే మొదటి గుత్తి కాయలు పట్టాక వాటి కింది ఆకుల్ని రెండు మూడు చొప్పున తీయండి. మోడు మిగలకుండా కాండం దగ్గరకు కోయాలి, మోడులోంచే బూజు కాండంలోకి దిగుతుంది. ఉదయం కోస్తే సాయంత్రానికి గాయం ఆరిపోతుంది.

మీ మీటర్‌ను కూడా ఒకసారి పరీక్షించండి. సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, పూర్తిగా కరగకుండా ముద్దగా తడిచేసేటన్ని నీళ్లు వేయండి. దాన్ని, మీటర్‌ను ఒక జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి 12 గంటలు ఒకేచోట ఉంచండి. గది వేడిలో అది 75 శాతం చూపాలి. 70 చూపితే, ఇకపై చూసే ప్రతి అంకెకూ 5 కలుపుకోండి. ఆ తర్వాత దాన్ని లైటు పక్కన కాకుండా మొక్కల తలల ఎత్తులో, వెలుగు నేరుగా పడని నీడలో వేలాడదీయండి.

పగలు 60 నుంచి 70 శాతం, రాత్రి 80 దాటకుండా ఉంటే మీ మొక్కలకు సరిపోతుంది. పగలు, రాత్రి వేడిలో తేడా నాలుగైదు డిగ్రీలకు మించకపోతే ఇది సులువవుతుంది. తేమ తగ్గించాలన్న ఆత్రంలో 40 కిందికి దించకండి, వేడిగా పొడిగా ఉన్నచోట నల్లి (ఆకుల రసం పీల్చే సన్నటి పురుగు) విరుచుకుపడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా తేమ దిగని రోజులుంటాయి, అవి వానల రోజులు. బయట 28 డిగ్రీలు, 85 శాతం ఉంటే ఆ గాలిలో ఘనపు మీటరుకు 23 గ్రాముల నీరుంటుంది. మీకు టెంట్‌లో కావలసింది 17 గ్రాముల లోపు. అప్పుడు ఫ్యాన్ తేమను తీయకపోగా లోపలికి తెస్తుంది. ఇలాంటి రోజులు నెలల తరబడి ఉంటే డీహ్యూమిడిఫయర్ నిజంగా అవసరం. దాన్ని టెంట్‌లో కాదు, గదిలో పెట్టండి, ఎందుకంటే అది వేడి వదులుతుంది. అప్పుడు గది కిటికీలు మూసి, ఫ్యాన్ పైపును తిరిగి గదిలోకే వదలాలి. పెట్టె మీద రాసే లీటర్లు సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినవి. మీ గదిలో అందులో సగం తీసినా గొప్పే. రోజుకు 5 లీటర్లు పోసే మీకు 10 నుంచి 12 లీటర్లని రాసినది కావాలి. ప్లగ్ బోర్డు నేల మీద ఉంటే అన్నిటికన్నా ముందు దాన్ని పైకెత్తి కట్టండి. తడి నేల మీద కరెంటు ప్రాణాలకే ముప్పు.

ఫ్యాన్, నీళ్ల వేళ, పైపు మార్చాక ఐదు రోజులు ఉదయం 5 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 11 గంటలకు టెంట్‌లోనూ గదిలోనూ వేడి, తేమ రాసి పంపండి. లెట్యూస్ లోపలి ఆకు ఒకటి విప్పి ఫొటో తీసి జత చేయండి. మిషన్ కావాలో వద్దో ఆ అంకెలు చూసి చెబుతాను.