మీ నాన్న ఎప్పుడు పోయారన్నదే మీ కేసు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నా మూడో ఏట నాన్న అమెరికా వెళ్లి మళ్లీ రాలేదు. టెక్సాస్‌లో హెర్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్లో దుకాణం నడిపేవారట. అమ్మకు విడాకులు ఇవ్వకుండానే అక్కడ ఇంకో తెలుగావిడను చేసుకున్నారు, వాళ్లకి ఇద్దరు పిల్లలు. నాన్న పోయినట్టు మా దగ్గరున్నది ఎవరో పంపిన పేపరు ముక్క ఒక్కటే, రెండు వైపులా ఫొటో తీసి పంపుతున్నాను. అందులో వాళ్ల పేర్లే ఉన్నాయి, అమ్మ పేరు గానీ నా పేరు గానీ లేవు. తాతయ్య స్వార్జితం నాలుగెకరాలు బాబాయి సాగుచేసుకుంటున్నారు. 2015 దసరాకి వెళ్లి భాగం అడిగితే ‘మీకిక్కడ ఏమీ లేదు, గడప తొక్కొద్దు’ అని పదిమందిలో గెంటేశారు. తాతయ్య 2003 సంక్రాంతికి పోయారు, నాన్నమ్మ అంతకు ముందే పోయింది. తాతయ్యకి కొడుకులిద్దరే. నాన్న తాతయ్య కంటే ముందే పోయారని అమ్మ అంటుంది, అదే ఏడు చివర్లో పోయారని బాబాయి అంటారు. నాన్న ఉన్న కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) ఆఫీసుకి రాస్తే రికార్డు లేదన్నారు. ఏడేళ్లు కనపడకపోతే చనిపోయినట్టేగా? మా పంచాయతీలోనే మరణ ధ్రువపత్రం చేయించి పెడతానని ఒకాయన అంటున్నాడు. చేయించుకోవచ్చా?

జవాబు: చేయించుకోకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు అసలు సంగతి చూడండి.

పేపరులో మీ పేరు వేయలేదని బాధపడ్డారు. కోర్టుకి దాంతో పని లేదు. కోర్టు అడిగేది ఒక్కటే: మీ నాన్న మీ తాతయ్య కంటే ముందు పోయారా, తర్వాతా?

ముందే పోయి ఉంటే ఆ భూమి ఏనాడూ మీ నాన్నది కాలేదు. హిందూ వారసత్వ చట్టం 8, 10 సెక్షన్ల ప్రకారం చనిపోయిన కొడుకు భార్యగా మీ అమ్మ, కూతురిగా మీరు తాతయ్యకే నేరుగా వారసులు. రెండెకరాలు మీ శాఖకి వస్తాయి, తలా ఎకరం. అమెరికాలో జరిగిన పెళ్లి చెల్లదని కోర్టు తేలిస్తే ఆ పిల్లలకి తండ్రి ఆస్తిలో హక్కుంటుంది గానీ తాత ఆస్తిలో నేరుగా ఉండదు. అదే మీ నాన్న తర్వాత పోయి ఉంటే ఆ రెండెకరాలు ముందు ఆయనకి వచ్చి, ఆయన నుంచి నలుగురికి వెళతాయి. తలా అరెకరం. ఆయన వీలునామా రాసి ఉంటే అది కూడా పోవచ్చు. ఒక్క తేదీ మీద మీ వాటా సగానికి సగం తేడా పడుతోంది. దాన్ని ఇన్నేళ్లు నోటిమాటల మీద వదిలేశారు.

ఇక ఆ పేపరు ముక్క. పత్రికలో పడిన సంతాప వార్త మరణానికి రుజువు కాదు, ఒకరు చెబితే ఇంకొకరు అచ్చువేసిన మాట అది. కానీ దారి చూపిస్తుంది, మీరు దాన్ని సరిగ్గా చదవలేదు. మీరు పంపిన ఫొటోలో రెండో వాక్యంలోనే ‘మంగళవారం అమరిల్లో ఆస్పత్రిలో’ అని ఉంది. హెర్‌ఫోర్డ్ డీఫ్ స్మిత్ కౌంటీలోది. అమరిల్లో వేరు, ఆ నగరం పాటర్, రాండాల్ కౌంటీల్లో పరుచుకుని ఉంది. అక్కడ మరణాన్ని నమోదు చేసేది ప్రాణం పోయిన చోట, ఇల్లున్న చోట కాదు. పల్లె కౌంటీల్లో జబ్బు ముదిరితే పెద్ద ఊరి ఆస్పత్రికి తరలిస్తారు, కాబట్టి ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఇంటి కౌంటీవాళ్లు ‘లేదు’ అన్నంత మాత్రాన మనిషి పోలేదని కాదు.

ఆ ముక్క వెనక వైపు ఇంకా విలువైనది. పైన తేదీ కత్తెరలో పోయింది గానీ, వెనకున్న ప్రకటనలో క్రిస్మస్ చెట్ల అమ్మకం ‘శనివారం, డిసెంబర్ 14’ అని ఉంది. 2002లో డిసెంబర్ 14 శనివారం, 2003లో ఆదివారం. అంటే మీ అమ్మ మాటకే బలం కనిపిస్తోంది. అయినా ఇది ఆచూకీయే, సాక్ష్యం కాదు.

సాక్ష్యం టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో ఉంది. టెక్సాస్ ఆరోగ్య శాఖలోని వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం దగ్గర రాష్ట్రం మొత్తానికీ 1903 నుంచి మరణ రికార్డులున్నాయి. ఏ కౌంటీ అని వెతుక్కునే పని ఉండదు. మొదటి నకలుకి 20 డాలర్లు, అదే దరఖాస్తులో అదనపు నకలుకి 3. రెండు తెప్పించండి. వెరిఫికేషన్ లెటర్ అని ఒకటి ఇస్తారు, అది ధ్రువపత్రానికి బదులు చెల్లదు, దానికి డబ్బు కట్టకండి. 25 ఏళ్లు నిండని మరణ రికార్డు దగ్గరి బంధువులకే ఇస్తారు. కూతురిగా మీరు అర్హులే. పోస్టులో పంపే దరఖాస్తు మీద నోటరీ ఎదుట సంతకం చేయాలి, హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ ఆ పని చేస్తుంది. ఆయన పేరు అక్కడ ఇంటిపేరు చివరికి మారి ఉంటుంది, రెండు రకాలుగానూ రాయండి.

పత్రం వచ్చాక టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ వేయించండి, అంటే పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర. విదేశీ రిజిస్టరు నకలు మన కోర్టులో నిలవాలంటే దాన్ని ఇచ్చిన అధికారి అధికారమేమిటో రుజువుండాలి. 2005 నుంచి మన దేశం అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. పత్రంలో భార్య పేరున్న గడిలో అమెరికాలో చేసుకున్న ఆవిడ పేరే ఉంటుంది, బెంబేలు పడకండి. ఆ పత్రం రుజువు చేసేది మరణాన్ని, పెళ్లి చెల్లుబాటుని కాదు. మీరు చూసుకోవాల్సింది ఆయన తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు. పక్కన మీ పదో తరగతి మార్కుల జాబితా, అమ్మ పెళ్లి ఆధారాలు పెడితే మీకూ ఆయనకీ లంకె కుదురుతుంది.

ఇప్పుడు పంచాయతీ పత్రం. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం రిజిస్ట్రారు తన పరిధిలో జరిగిన మరణాన్నే నమోదు చేయాలి. అమరిల్లోలో పోయిన మనిషి మీ ఊళ్లో పోయినట్టు రాయించడం పబ్లిక్ రిజిస్టరు ఫోర్జరీ, భారతీయ న్యాయ సంహిత 337 కింద ఏడేళ్ల దాకా జైలు. ఆ బ్రోకరు తప్పుకుంటాడు, దరఖాస్తు మీద సంతకం మీది. మీ బాబాయి అమెరికా పత్రం ఒక్కటి తెచ్చి పెట్టాడంటే మీ నిజమైన కేసు కూడా అబద్ధంలా కనిపిస్తుంది. ఏడేళ్లు కనపడకపోతే చనిపోయినట్టేగా అని కూడా రాశారు. ఆ ఊహ మనిషి పోయాడనే దాకానే, ఏ తేదీన పోయాడో అది చెప్పదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. మీకు కావాల్సింది ఆ తేదీయే.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన మాట ‘గడప తొక్కొద్దు’ అన్నది. మీరు దాన్ని అవమానంగా రాశారు, నాకు అందులో గడువు కనిపించింది. ఉమ్మడి వారసుల్లో ఒకరు సాగుచేసుకుంటుంటే అది అందరి తరఫునా చేస్తున్నట్టే, అంతవరకూ భయం లేదు. కానీ హక్కు లేదని పదిమందిలో మొహం మీద చెప్పి గెంటేసిన రోజు నుంచి పన్నెండేళ్ల లెక్క మొదలైందని అవతలి వకీలు వాదిస్తాడు. 2015 అక్టోబర్ నుంచి అంటే 2027 అక్టోబర్. అంతదాకా ఆగకండి, అమెరికా పత్రం వచ్చేదాకా కూడా ఆగకండి. భూమి ఉన్న చోటి సివిల్ కోర్టులో పంపకాల దావా ఇప్పుడే వేయండి, భూమి అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు అడగండి. మరణ పత్రం తెప్పిస్తున్నామని దావాలోనే రాసి, వచ్చాక దాఖలు చేయవచ్చు. ఈ వారంలోనే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), తాతయ్య కొన్న దస్తావేజు నకలు తీసుకోండి.

ఆ పేపరు ముక్కని అట్టకి అంటించకండి, లామినేషనూ చేయించకండి. పారదర్శకంగా ఉండే కవరులో రెండు వైపులా కనిపించేలా పెట్టి, అలాగే మీ వకీలు దగ్గరికి తీసుకెళ్లండి.