గీతలు గీస్తే బువ్వ పుడుతుందా?

దేవరకొండ నుంచి ఒక తండ్రి: "మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ. మా తాతల నాటి భవంతి ఇల్లు, పక్కన కట్టిన కొత్త ఇల్లు రెండిటి ప్లాన్లూ గీసి పోల్చుకుంటూ కూసుంటది. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అంటే అయిదేండ్లు. ఏడాదిల అయిపోయే ఇంటీరియర్ డిజైన్ల ఎయ్యమంటున్నరు. ఏది మంచిది? గీతలు గీస్తే బువ్వ పుడతదా?"

పుడుతుంది. మీ భయమంతా ఆ చివరి మాటలోనే ఉంది కాబట్టి ముందు అదే చెబుతున్నాను.

మీ పాప గీసేవి ఉత్త గీతలు కావు. 30×40 జాగా, అంటే 133 గజాలు తీసుకోండి. చుట్టూ 3 అడుగులు వదిలితే 24×34 మిగులుతుంది. 9 అంగుళాల ఇటుక గోడ కడితే లోపల దాదాపు 731 చదరపు అడుగులు. తాతల నాటి 2 అడుగుల మట్టిగోడ కడితే 600. గోడల మందమే ఒక పడకగదిని మింగేసింది! కానీ మే నెల ఎండను సాయంత్రం దాకా బయటే ఆపింది కూడా ఆ మందమే. భవంతి ఇంటి నడుమ పైకప్పు లేని వాకిట్లోంచి వేడిగాలి పైకి పోయేది. ఇప్పుడు ఆ వాకిలి మీద స్లాబు వేసి హాలంటున్నాం. ఓపెన్ కిచెన్‌లో ఎండుమిర్చి తాలింపు పెడితే సోఫాలో ఉన్న చుట్టం దగ్గుతాడు. పాత ఇంటి చల్లదనాన్ని ఈ 731 అడుగుల్లోకి ఎలా తేవాలి? మెట్లగది పైన కిటికీలు పెట్టి వేడిగాలికి దారి ఇవ్వడం ఒక ఉపాయం. ఇలాంటివి ఆలోచించడమే ఆర్కిటెక్ట్ పని.

ఏడాది కోర్సుల మీద నాకు అనుమానమే. ఎక్కువగా 3డీ సాఫ్ట్‌వేర్, ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్ నేర్పుతారు. ఇంటీరియర్ వాళ్లు వచ్చేసరికి గోడ ఎక్కడ, బాత్రూమ్ పైపు ఎటు అన్నది తేలిపోయి ఉంటుంది. పైగా ఇంటీరియర్ డిజైనర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఆర్కిటెక్ట్ అనాలంటే మాత్రం 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ సంగతి వేరు.

"ఏడాదిలో అయిపోతుంది" అన్నది పాపకు నచ్చిందా, మీకా? పెళ్లి లెక్కలేసి కోర్సు ఎంచకండి. బీఆర్క్‌లో షీట్లకు, మోడళ్లకు చేతి ఖర్చు ఉంటుంది, మొదట్లో జీతాలూ తక్కువే. అది తెలిసే చేర్పించండి. కాలేజీకి కౌన్సిల్ ఆమోదం ఉందో లేదో ముందు చూడండి.

ఈ ఆదివారం పాత ఇంటిని కొలవమనండి. గోడ మందం, దర్వాజ ఎత్తు, కిటికీ అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాసుకోమనండి. టేపు రెండో కొస మీరు పట్టుకోండి.