పుస్తకం ముందే కూర్చుంటున్నా, చదువు సాగడం లేదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. జర్మనీలో మాస్టర్స్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. నాన్నది బట్టల కొట్టు. బ్యాంకు లోన్ తీసుకుని పంపారు. మొదటి సెమిస్టర్లో స్నేహితులతో ప్రాగ్ వెళ్లి, ఫొటోలు స్టేటస్‌లో పెట్టాను. అవి చూసి మా పెదనాన్న "చదువుకోడానికి వెళ్లిందా, తిరగడానికా?" అని నాన్నతో అన్నారట. నాన్న నన్నేమీ అనలేదు. అప్పట్నుంచి ఎక్కడికీ కదలడం లేదు. శని, ఆదివారాలూ పుస్తకం ముందే. అయినా నాలుగు పరీక్షల్లో ఒకటి పోయింది. బయటికెళ్తే తప్పు చేసినట్టుంటుంది, గదిలో ఉంటే ఊపిరాడదు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు ఒక్క శనివారం నిన్ను నువ్వే గమనించుకో. పొద్దున పుస్తకం తెరిచిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా నిజంగా చదివింది ఎంతసేపు? పక్కనే ఫోన్ ఉందా? పది నిమిషాలు చదవడం, అరగంట రీల్స్, ఆ తర్వాత గంటసేపు నిన్ను నువ్వు తిట్టుకోవడం. నీలాంటి పిల్లల దగ్గర నేను తరచూ వినేది ఇదే. అందులో చదువూ లేదు, విశ్రాంతీ లేదు. రాత్రికి ఒళ్లు మాత్రం అలిసిపోతుంది.

మీ యూనివర్సిటీ లెక్కే చూద్దాం. సెమిస్టర్‌కి మామూలుగా 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. క్లాసులు, ల్యాబ్, ఇంట్లో చదువు, పరీక్షల తయారీ అన్నీ అందులోనివే. ఆరు నెలల మీద పంచితే వారానికి దాదాపు 29 నుంచి 35 గంటలు. క్లాసులు జరిగే వారాల్లో, పరీక్షల ముందు అంతకంటే ఎక్కువే పడుతుంది అనుకో. అయినా వారమంతా గదిలో మగ్గమని ఎవరూ అనలేదు. నాన్న కూడా మధ్యాహ్నం షట్టరు దించి కాసేపు నడుం వాలుస్తుంటారనుకుంటా. దాన్ని బద్ధకం అంటామా?

అలాగని పెదనాన్న మాటని పూర్తిగా గాలిమాట అని కొట్టిపారేయను. అక్కడి పద్ధతిలో మెడ మీద కూర్చునే వారం వారం టెస్టులు ఉండవు. చాలా సబ్జెక్టుల్లో మార్కులన్నీ చివరి పరీక్షవే. కాలు నిలవక తిరిగేవాళ్లకి ఫిబ్రవరి వచ్చేదాకా ప్రమాదం కనబడదు. నీది ఒక్క ప్రయాణమే కాబట్టి నేరమంతా ప్రాగ్ మీద వేయడానికి లేదు. పైగా కొత్త దేశం, కొత్త భాష, డిసెంబరులో నాలుగున్నరకల్లా చీకటి. ఆ చలికాలంలో మూడు పరీక్షలు గట్టెక్కడం తక్కువేమీ కాదు.

పోయిన పరీక్ష సంగతి మాత్రం పక్కన పెట్టకు. దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు అక్కడ ఉంటుంది, ఐన్‌జిష్ట్ అంటారు. తేదీ కనుక్కుని వెళ్లు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా మళ్లీ మొదటి పేజీ నుంచి బట్టీ పట్టడం దండగ. ఒకే పరీక్షని ఎన్నిసార్లు రాయొచ్చో చాలా యూనివర్సిటీల్లో పరిమితి ఉంటుంది. మీ కోర్సు పరీక్షల నిబంధనల్లో ఆ సంఖ్య ఈ వారమే చూసిపెట్టుకో.

ఇక విశ్రాంతి. అదంటే ప్రాగే కానక్కర్లేదు. యూనివర్సిటీ ఆటల క్లాసులు తక్కువ ఫీజుకే ఉంటాయి. వారంలో ఒక సాయంత్రం అందులో చేరు. ఒక్కదానివే వద్దు, మనుషులతో. తెలుగు గుంపుతోనే ఉండాలనీ లేదు. చిన్నప్పటి నుంచి రెండు భాషల మధ్య తిరిగిన పిల్లవి, మూడోది నిన్నేం చేస్తుంది? ఎలాగూ ఆదివారం అక్కడ దుకాణాలు మూసే ఉంటాయి, ఆ రోజు పుస్తకం కూడా మూసెయ్. శనివారం మాత్రం మధ్యాహ్నం రెండింటిదాకా లైబ్రరీ, ఫోన్ బ్యాగులో. పార్ట్‌టైమ్ పని గురించి నువ్వు రాయలేదు. విదేశీ విద్యార్థులకి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకునే వీలుంది. చేస్తున్నట్టయితే ఆ గంటల్ని విశ్రాంతి కింద రాసుకోకు.

అసలు ముల్లు నాన్న మౌనంలో ఉంది. ఆయన ఏమీ అనలేదు, నువ్వూ అడగలేదు. ఆ ఖాళీలో పెదనాన్న మాటే ఇద్దరికీ వినబడుతోంది. ఈ ఆదివారం తీరిగ్గా ఫోన్ చెయ్యి. ఒక పరీక్ష పోయిందని చెప్పు, మళ్లీ ఎప్పుడు రాస్తావో చెప్పు, ప్రాగ్‌కి ఎంతయిందో కూడా చెప్పు. కొట్టు నడిపే మనిషి, లెక్క చెబితే అర్థం చేసుకుంటారు. దాచితేనే భయపడతారు. మన బ్యాంకుల చదువు లోన్లకి కిస్తీలు సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది దాకా మొదలు కావు, వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. నువ్వు గదిలో తలుపేసుకుంటే ఆ వడ్డీ తగ్గదమ్మా.

ఊపిరాడట్లేదన్న మాట నాకు తేలిగ్గా కనిపించలేదు. నిద్ర, ఆకలి కూడా చెడి రెండు వారాలు దాటితే, విద్యార్థుల కోసం స్టూడియరెండన్‌వెర్క్ అనే అక్కడి విద్యార్థి సేవల సంస్థ నడిపే కౌన్సెలింగ్‌కి వెళ్లు. చాలా చోట్ల ఇంగ్లిష్‌లోనూ మాట్లాడతారు. నువ్వు చెప్పింది ప్రొఫెసర్లకి చేరదు.

పెదనాన్నకి జవాబు చెప్పే పని మాత్రం పెట్టుకోకు. రేపు రథయాత్రకి చుట్టాలంతా కలిసినప్పుడు ఆయన మళ్లీ ఏదో అంటారు, నాన్న చూసుకుంటారు. నాన్న దగ్గర ఏదీ దాచొద్దు. స్టేటస్ పెదనాన్నకి కనబడకుండా పెట్టుకుంటే మాత్రం తప్పేం లేదు.