నల్గొండ, పాలమూరు ఎండల్లో ఇంటి దగ్గర సిగార్ పొగాకు పండించి మాగబెట్టడం అయ్యే పనేనా?

మీరు అడిగింది ఇది: జడ్చర్ల దగ్గర ఇంటి వెనక రెండు గుంటల చల్క నేల ఉంది, హాబీగా సిగార్‌కు పనికొచ్చే పొగాకు వేయాలని ఉంది. పోయిన ఎండాకాలం తెలిసినవాళ్లిచ్చిన పచ్చి ఆకును డాబా మీద ఆరబెడితే పచ్చగానే ఎండి పొడి అయిపోయింది. మిగిలిన కొంచెం చుట్టి ముట్టిస్తే నిప్పు నిలవలేదు. మన వాతావరణంలో ఇది సాధ్యమేనా?

సాధ్యమే. నేను నల్గొండ టౌన్ అంచున ఉంటాను. మా మేనమామది అలంపూర్ వైపు, ఆయన దగ్గర తెచ్చిన విత్తనంతో కొన్నేళ్లుగా పెరట్లో వేస్తున్నాను. మీకు వచ్చిన ఇబ్బందులు రెండు, వాటి కారణాలు కూడా వేరు వేరు. పచ్చగా ఎండిపోవడానికి కారణం గాలిలో తేమ లేకపోవడం. నిప్పు నిలవకపోవడానికి చాలాసార్లు కారణం నీళ్లు, ఎరువు. ఈ రెండూ సరిచూసుకుంటే మిగతాదంతా ఓపిక.

ముందు ఆకు సంగతి. తెంపిన ఆకు వెంటనే చచ్చిపోదు, కొన్ని రోజులు బతికే ఉంటుంది. ఆ రోజుల్లోనే లోపలి పిండి పదార్థం చక్కెరగా మారి ఖర్చవుతుంది, పచ్చదనం విరిగి పసుపు వస్తుంది, ఆ తర్వాత గోధుమరంగు తిరుగుతుంది. డాబా ఎండలో ఆకు ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోతుంది, పచ్చదనం అలాగే బిగిసిపోతుంది. ఇక దాన్ని ఏం చేసినా గడ్డి వాసన పోదు. మామిడికాయను ఎండలో పెట్టం కదా, వరిగడ్డిలో మాగబెడతాం. పొగాకూ అంతే. దానికి నీడ కావాలి, 65 నుంచి 75 శాతం తేమ కావాలి, నెల నుంచి రెండు నెలల టైం కావాలి.

అందుకే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ నెలలో నాటాలనేది. నల్లరేగడిలో నాటు పొగాకు వేసే రైతులు వానలు తగ్గాక నాటి, ఎండలు ముదిరే ముందు కోసుకుంటారు. వాళ్లు ఎండలోనే ఆరబెడతారు కాబట్టి వాళ్లకు అది సరిపోతుంది. మనకు సరిపోదు. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో మన దగ్గర గాలిలో తేమ 30 శాతం దాకా పడిపోతుంది. నేను జూన్ చివర నారు పోస్తాను, ఆగస్టు నడిమిలో నాటుతాను, అక్టోబర్ నడిమి నుంచి నవంబర్ దాకా ఆకు తెంపుతాను. అప్పుడు రాత్రుళ్లు మంచు పడుతుంది, పగలు మరీ పొడిగా ఉండదు. వానల్లో నాటితే మొక్క చస్తుందని భయపెడతారు. నీళ్లు నిలిస్తే నిజంగానే చస్తుంది, ఒక్క రోజు నిలిచినా పొగాకు వాడిపోతుంది. మీది చల్క నేల, నీరు దిగిపోతుంది. అడుగు ఎత్తు బోదెలు చేసి వాటి మీద నాటండి, టెన్షన్ ఉండదు.

విత్తనం చాలా సన్నం, గ్రాముకు పదివేల పైనే ఉంటుంది. ఇసుకలో కలిపి పైపైన చల్లి చేత్తో అద్దండి, మట్టి కప్పొద్దు. మొలవడానికి దానికి వెలుతురు కావాలి. నారుమడి తడి ఎక్కువైతే మొదళ్లు కుళ్లి పడిపోతాయి కాబట్టి పొద్దున ఒకసారి పలచగా చల్లితే చాలు. ఆరేడు వారాలకు జానెడు మొక్క అవుతుంది. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు, వరుసకూ వరుసకూ మూడు అడుగులు వదలండి. పక్కన టమాట, మిరప, వంకాయ పెట్టొద్దు. అన్నీ ఒకే కుటుంబం, మొజాయిక్ వైరస్ మీ చేతుల మీదుగానే ఒకదాని నుంచి ఒకదానికి పోతుంది. చుట్టూ ఒక వరస ఆముదం వేస్తే లద్దె పురుగు తల్లి ముందు దాని మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకు తుంచి పారేయొచ్చు. చివరికి పొగ పీల్చేది మీరే కాబట్టి పురుగుమందు జోలికి పోకండి. మొక్క మొదలు దగ్గర తెల్లగా, పూలతో గుత్తిలా పైకొచ్చేది పొగాకు మల్లె. అది వేరు నుంచి తినే పరాన్న మొక్క, విత్తనం రాల్చకముందే పీకేయాలి.

నిప్పు నిలవని సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన జిల్లాల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. మర్రిగూడ, మునుగోడు పేరు చెప్తే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పొగాకు కాలడం విషయంలో మాత్రం చూడాల్సింది క్లోరైడ్. పొగాకు మొక్క నీళ్లలో, ఎరువులో ఉన్న క్లోరైడ్‌ను ఆకులోకి లాగి దాచుకుంటుంది. ఎండిన ఆకులో అది రెండు శాతం దాటితే ఆకు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, అంటుకున్నా ఆరిపోతుంది, బూడిద నల్లగా వస్తుంది. బోరు నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు క్లోరైడ్ ఉంటే నిశ్చింత. మా బోరు అంతకు చాలా ఎక్కువ, అందుకే నేను డాబా మీద పడే వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటాను, చాలకపోతే నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పోస్తాను. ఆగస్టులో నాటితే సగం కాలం వానే తడుపుతుంది, ఆ నెల ఎంచుకోవడానికి ఇది రెండో కారణం. మీ నీళ్లను ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించండి. చేతి టీడీఎస్ మీటర్ మొత్తం లవణాలు చెప్తుంది కానీ అందులో క్లోరైడ్ ఎంతో చెప్పదు.

ఎరువు దగ్గరా ఇదే చిక్కు. ఎర్ర పొటాష్ అని షాపులో ఇచ్చేది మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అంటే పొటాషియం క్లోరైడే. 17-17-17, 10-26-26 లాంటి కాంప్లెక్సుల్లోనూ సాధారణంగా పొటాష్ దాని నుంచే వస్తుంది. వాటికి బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అడగండి. బాగా మాగిన పశువుల ఎరువు, చేతికొద్దీ కట్టెల బూడిద మంచివి. పొటాష్ బాగా అందిన ఆకు నిదానంగా, సమంగా కాలుతుంది. ఈ ఒక్క మార్పుతో నా ఆకు కాలే తీరే మారిపోయింది.

మొగ్గ కనిపించగానే తల తుంచేయాలి, తర్వాత వచ్చే పిలకలు వారం వారం తీసేయాలి. కింది ఆకులు ముందు పండుతాయి. రంగు తేలిపడి, అంచులు కిందికి వాలి, వేలితో వంచితే కాడ దగ్గర టక్కున విరిగితే పండినట్టే. ఒక్కో విడతకు రెండు మూడు ఆకులు తెంపండి. కింది ఆకు తేలిక, బాగా కాలుతుంది. నడిమి ఆకులో వాసన ఉంటుంది. పై ఆకు మందంగా, ఘాటుగా ఉంటుంది. క్యూబాలో వీటినే వోలాడో, సెకో, లిగెరో అంటారు, కలిపేటప్పుడు ఈ తేడా అవసరం కాబట్టి వేరు వేరుగా గుచ్చండి. పైన చుట్టే పలచటి ఆకు కావాలంటే కొన్ని మొక్కలకు షేడ్ నెట్ కట్టండి. అమెరికాలోని కనెక్టికట్‌లో 1900లో గుడ్డ పందిళ్ల కింద పండించడం మొదలుపెట్టింది ఈ ఆకు కోసమే.

తెంపేటప్పుడు చేతులకు గ్లౌజులు, ఒంటికి ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, తల తిరుగుతుంది, వాంతులవుతాయి. మంచు ఆరాకే చెట్ల మధ్యకు వెళ్లండి. మేకలను, పిల్లలను అటు రానివ్వకండి.

ఇక మాగబెట్టే గది. రేకుల షెడ్డు వద్దు, లోపల కొలిమిలా కాగుతుంది. పాత పెంకుటిల్లు గానీ, ఉత్తరం వైపు వాడని గది గానీ చూడండి. ఆకుల కాడలను సుతిలితో దండలా గుచ్చి, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయండి. మూడు నాలుగు వందలకు తేమ మీటర్ దొరుకుతుంది, అది తప్పకుండా కొనండి. పగలు కిటికీలు మూసి తడి గోనెసంచులు వేలాడదీస్తాను, రాత్రి కిటికీలు తెరుస్తాను, మంచు గాలి లోపలికి వస్తుంది. ముసురు పట్టి తేమ 85 దాటితే ఫ్యాన్ వేయాలి, లేకుంటే ఆకు కుళ్లుతుంది. పది పన్నెండు రోజులకు పసుపు, తర్వాత గోధుమరంగు. నడిమి ఈనె పుటుక్కున విరిగేదాకా దించొద్దు. దించేది కూడా తెల్లవారుజామున, ఆకు పదునుకొచ్చి మెత్తగా ఉన్నప్పుడే. మధ్యాహ్నం ముట్టుకుంటే పెళుసుగా చిట్లిపోతుంది. ఈ పదును పట్టడం మా మేనమామ నేర్పారు, ఏ మీటరూ అంత బాగా చెప్పదు.

ఇంతా అయ్యాక కూడా ఆకు తాగడానికి పనికిరాదు, అమ్మోనియా ఘాటు ముక్కును కొడుతుంది. క్యూబాలో వందల కిలోలు గుట్టలుగా పేరుస్తారు, ఆ గుట్ట తనంతట తానే వేడెక్కి ఆకును పులియబెడుతుంది. మన రెండు మూడు కిలోలకు ఆ వేడి పుట్టదు, బయట నుంచి ఇవ్వాలి. పాడైన ఫ్రిజ్ డబ్బాలో బల్బు, కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌కు వాడే థర్మోస్టాట్ పెట్టి 50 డిగ్రీల దగ్గర నిలపండి. బల్బు దేనికీ తగలకూడదు, వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. పదునులో ఉన్న ఆకును గాజు సీసాల్లో వదులుగా నింపి మూతపెట్టి అందులో పెట్టండి, వారానికి రెండుసార్లు మూత తీసి గాలి మార్చండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో అమ్మోనియా పోయి తియ్యటి, తోలు లాంటి వాసన వస్తుంది. వేడి 45 కంటే తగ్గితే బూజు పడుతుంది, 65 దాటితే లోపలి ఎంజైములు చచ్చి ఆకు ఉడికిపోతుంది. అందుకే సీసాలు నేరుగా ఎండలో పెట్టొద్దు. కరెంటు ఖర్చు వద్దనుకుంటే ఆకును కట్టలు కట్టి ఏడాది, రెండేళ్లు గదిలో ఉంచడమే మార్గం. మన ఎండాకాలాలు ఆ పనికి బాగా సాయపడతాయి.

నిల్వలో సిగరెట్ బీటిల్ అనే చిన్న గోధుమరంగు పురుగు సన్నటి చిల్లులు పెడుతుంది. మన ఇళ్ల వేడికి గుడ్లు తప్పక పొదుగుతాయి, కాబట్టి సిద్ధమైన ఆకును కవర్లో మూసి మూడు నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్లో పెట్టి తీయండి.

చట్టం గురించి కూడా ఒక మాట. 1975 నాటి టొబాకో బోర్డు చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యేది వర్జీనియా పొగాకుకు, దాన్ని వేయకండి. విదేశాల నుంచి అనుమతి లేకుండా విత్తనం పోస్టులో తెప్పించడం మొక్కల క్వారంటైన్ నిబంధనలకు విరుద్ధం, నాటు రకంతోనే మొదలుపెట్టండి. చుట్టినవి అమ్మే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఇంట్లో పండించింది కదా అని సిగార్ మంచిదైపోదు. పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ప్రమాదం ఉంటుంది. నాకు ఇష్టమైనది పెంచడం, మాగబెట్టడం. తాగడం ఎప్పుడో పండగకు.

మొదటి ఏడాది పది మొక్కలు చాలు. బాగా పెరిగిన మొక్కకు ఎండాక 60 నుంచి 100 గ్రాముల ఆకు వస్తుంది, ఒక్కో సిగార్‌కు 10 నుంచి 15 గ్రాములు పడుతుంది. ఒక మంచి మొక్కకు తల తుంచకుండా, పూతకు పలచటి గుడ్డ సంచి కట్టి ఉంచితే వచ్చే ఏడాదికి విత్తనం మీ దగ్గరే ఉంటుంది. నీళ్ల రిపోర్ట్ వచ్చాక క్లోరైడ్ అంకె ఇక్కడ పెట్టండి, దాన్ని బట్టి ఏ నీళ్లు ఎంత కలపాలో చూద్దాం.