పడుకుంటే 160, నిలబడితే 120: మీ నాన్నగారి రక్తపోటు గురించి

పదిహేనేళ్లుగా మధుమేహం ఉన్న మీ నాన్నగారికి పడుకున్నప్పుడు 160 ఉన్న పై రక్తపోటు, ఉదయం మంచం దిగగానే 120కి పడిపోయి కళ్లు తిరుగుతుంటే యంత్రం చెడిందేమోనని అడిగారు. యంత్రం సరైనదే కావచ్చు.

నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి దిగి, రక్తపోటు తగ్గబోతుంది. మెడలోని కెరోటిడ్ ధమనిలోనూ, బృహద్ధమని వంపులోనూ ఉండి రక్తపోటును గమనించే నాడీ కొసలు (పీడన గ్రాహకాలు) దీన్ని పసిగట్టి మెదడు కాండానికి తెలియజేయగానే, మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నాడులు కొన్ని సెకన్లలోనే రక్తనాళాలను బిగించి గుండె వేగాన్ని పెంచుతాయి. దీర్ఘకాల మధుమేహం ఈ నాడులనే దెబ్బతీయగలదు.

మూత్రపిండాలు నిదానస్తులు. పీడనం తగ్గితే రెనిన్ అనే ఎంజైమును విడుదల చేసి, యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ల ద్వారా ఉప్పునూ నీటినీ నిలుపుకుంటాయి గానీ, ఆ ఫలితం అందడానికి గంటలు పడుతుంది. పైగా రాత్రి పడుకున్నప్పుడు పీడనం ఎక్కువగా ఉంటే అవి ఉప్పునూ నీటినీ మరింతగా వదిలేస్తాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తారని మీరు యథాలాపంగా రాసిన మాటే నాకు ముఖ్యంగా తోచింది. అలా లేవడానికి చక్కెర, ప్రోస్టేట్ కూడా కారణం కావచ్చు గానీ, రాత్రంతా ఉప్పూ నీరూ ఇలా పోవడం ఉదయం తల తిరగడానికి కారణంగా బాగా సరిపోతుంది.

ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన 1, 3 నిమిషాలకు మళ్లీ కొలిచి రాసిపెట్టండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితే, మందుల చీటీతో సహా వైద్యునికి చూపండి. మాత్రలు మీరుగా ఆపవద్దు. అంతవరకు మంచం అంచున కాసేపు కూర్చున్నాకే ఆయనను లేవమనండి.